బోర్డు మీది ట్యాంకరు

ఆ రోజు పొద్దున అవినాష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బోర్డు మీద ఒక వాక్యం రాయాలి, పది గంటలకు ఉచిత క్లాసు చెప్పాలి, వచ్చినవాళ్ళలో కొందరినైనా స్పోకెన్ ఇంగ్లీషులో చేర్చుకోవాలి. ఎవరూ చేరకపోతే రేపటి నుంచి ఆత్మకూరులో పిల్లనిచ్చిన మామ రామకృష్ణ ఎరువుల అంగడిలో కూర్చోవాలి. మాట ఇచ్చేశాడు. ఆ యూరియా మూటలు తలుచుకుంటేనే అతనికి తుమ్ములు వచ్చేవి.

రాజంపేట వైపు నుంచి వచ్చినవాడు, ఈ చిన్న ఊరి సంగతులు ఇంకా ఒంటబట్టలేదు. అద్దెకు తీసుకున్న గది గోడకు బయటివైపు నల్లరంగు పూసిన పెద్ద చదరం కనిపిస్తే, దేవుడే తన కోసం పూయించాడనుకున్నాడు. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొచ్చేదీ ఏళ్ళ తరబడి దాని మీదే రాస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు. అతను అడగనూ లేదు.

ముందు ముందు జరగబోయేది అంటే చాలు, మనవాళ్ళు వాక్యంలో రెండు చోట్లా విల్ కొడతారని అవినాష్ బాధ. వెన్ పక్కన విల్ కూడదు. ఆ ముక్క చెప్పడానికి రైళ్ళూ విమానాలూ ఎందుకు, జనానికి తెలిసినదే రాద్దామని పెద్ద అక్షరాలతో రాశాడు: "వెన్ ద ట్యాంకర్ కమ్స్, వి విల్ ఫిల్ అవర్ పాట్స్." దాని కింద క్లాసు సంగతి తెలుగులో రాశాడు: "ఉదయం 10 గంటలకు. అందరూ రండి."

ఎదురింటి సుంకులమ్మ వచ్చి నిలబడింది. ఆ వీధి నీళ్ళ వరసకు పెద్దదిక్కు ఆమె.

"ఏమప్పా, పైన ఇంగ్లీషులో ఏం రాసినావు?"

అడిగిన మొదటి మనిషి. అవినాష్ పొంగిపోయాడు. "ట్యాంకరు వచ్చినప్పుడు మనం బిందెలు నింపుకుంటాం అని, అవ్వా."

"నిజంగా వస్తాదా?"

"అనుమానముంటే ఇఫ్ అని రాస్తామవ్వా. ఇది వెన్. వెన్ అంటే ఖాయం."

సుంకులమ్మ ఇంట్లోకి పోయి బిందె తెచ్చి బోర్డు కింద పెట్టింది.

ఆ వీధిలో మనిషి బదులు బిందె నిలబడుతుంది, బిందె బదులు రాయి, రాయి బదులు తెగిన చెప్పు. వాటిని జరిపినవాడితో ఏడాది దాకా మాటలుండవు. అవినాష్ లోపల కాఫీ తాగి, నాలుగు బెంచీలూ తుడిచేసరికి వరస వీధి మలుపు తిరిగింది. భార్య యామిని గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏమండీ, మీ క్లాసుకు బిందెలొచ్చినాయి" అంది.

అవినాష్ బయటికి పరిగెత్తాడు. "అమ్మా, ట్యాంకరు సంగతి నాకేం తెలీదు. అది ఉత్త ఉదాహరణ."

"ఉదాహరణ అంటే?" అంది సుంకులమ్మ.

"జరిగేది కాదవ్వా. నేర్చుకునేదానికి రాసింది."

"అబద్ధం చెప్పేదానికి ఇంగ్లీషెందుకప్పా? అది మాకు తెలుగులోనే వస్తాది."

వాదించి లాభం లేదని తడిగుడ్డతో బోర్డు తుడవబోయాడు. నీళ్ళు లేని వీధిలో తడిగుడ్డ చూసేసరికి జనానికి ఇంకా మండింది. "మా ట్యాంకరును తుడిచేసి పక్క వీధికి పంపిస్తాండావా?" అని గుడ్డ లాక్కున్నారు.

అప్పుడు దిగాడు ఓబులేష్. వచ్చే ఎన్నికల్లో ఆ వార్డుకు నిలబడాలని చూస్తున్నవాడు, జనం పోగైన చోటు ఎక్కడున్నా వాసన పడతాడు. బోర్డు పైనుంచి కిందికి చదివి పెదవి విరిచాడు.

"గట్టిగా లేదు సారూ. వెన్ ద ట్యాంకర్ విల్ కమ్ అని మార్చు. జనానికి ధైర్యంగా ఉంటాది."

చుట్టూ అంతమంది. చొక్కా ఎవరి చేతిలో ఉందో కూడా అవినాష్‌కు తెలియడం లేదు. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి చచ్చినా పోదు కదా. "వెన్ పక్కన విల్ రాయనన్నా."

"ఇంతమంది అడిగినా?"

"మీ ఊరంతా అడిగినా రాయను."

ఓబులేష్ రెండడుగులు వెనక్కి వేశాడు. బక్కపల్చటి మనిషి ఇంత జనం ముందర ఒక్క మాట మార్చనంటున్నాడంటే వీడి వెనక ఎవరో పెద్దవాళ్ళు ఉండి తీరాలి. పక్కకు పోయి నీళ్ళ ఆఫీసుకు ఫోన్ చేశాడు. "పైవాళ్ళ మనిషి ఒగాయన ఈడ ఉండాడు. పది గంటలకు ట్యాంకరని బోర్డు రాసినాడు. మార్చమంటే మార్చనంటాండాడు. ఇంక మీ ఇష్టం." పైవాళ్ళంటే ఎవరని ఆఫీసులో ఎవరూ అడగలేదు. అడిగితే తమకు తెలియదని బయటపడుతుంది.

సరిగ్గా పదికి, ఎంతమంది చేరతారో చూసుకుందామని మామ రామకృష్ణ ఆటో దిగాడు. వీధినిండా జనాన్ని చూసి నోరు తెరిచాడు. "ఏం యామినీ, వీళ్ళంతా ఇంగ్లీషుకేనా?" కూతురు పక్కకు జరిగి దారిచ్చింది. ఆయన మీసం దువ్వుకుంటూ లోపలికి పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ సంతోషం చూసి అవినాష్‌కు ఏడుపొచ్చింది.

అంతలో వీధి చివర హారన్ మోగింది. నిజం ట్యాంకరు, నీళ్ళు కారుతూ వచ్చింది. ఒక్క అరుపుతో జనమంతా అటు పరిగెత్తారు. గదిలో నాలుగు బెంచీలు, ఒక మామ మిగిలారు.

రామకృష్ణ ఖాళీ గుమ్మం వైపు చూశాడు. "రేపటి నుంచి అంగడి తలుపులు నువ్వే తీయల్లప్పా" అన్నాడు మెల్లగా. అవినాష్ తలూపాడు. సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

గుమ్మంలో బిందె దించిన చప్పుడైంది. సుంకులమ్మ. నిండు బిందె యామిని ముందర పెట్టి, తడి కొంగు పిండుకుని, నేరుగా వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

"ఎన్ని అర్జీలు పెట్టినామో తెలుగులో. రాలేదు. నీ ఒక్క ముక్కకు వచ్చిందప్పా. అది మాకూ నేర్పు."

ఆమె వెనకే వీధి వీధంతా వచ్చింది. బెంచీలు చాలక నేల మీద కూర్చున్నారు. ఒకామెకు పింఛను రావాలి, ఇంకొకామెకు కరెంటు స్తంభం రావాలి, ఓబులేష్‌కు టికెట్టు రావాలి. వెన్ ద పెన్షన్ కమ్స్, వెన్ ద పోల్ కమ్స్ అని గది దద్దరిల్లింది. వెన్ పక్కన విల్ పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. కాసేపటికి వెనక బెంచీ నుంచి రామకృష్ణ గొంతు సవరించుకుని, "వెన్ ద యూరియా కమ్స్ అంటే సరిపోతాదా?" అని అడిగాడు.

వాన సంగతి కూడా రాయమని ఎవరో అడిగితే, అది ఇఫ్ పాఠమని, ఇంకా అక్కడిదాకా రాలేదని అవినాష్ చెప్పాడు.