ప్రార్థన పేరంటం

ఆ శుక్రవారానికి ప్రసన్నకుమారి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తను పాఠాలు చెప్పే స్కూల్లో మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి రావాలి. పదిమందికి సరిపడా రవ్వకేసరి చెయ్యాలి. అయిదింటికి ఇంట్లో గృహ ప్రార్థన జరిపించాలి. ఏడింటికల్లా భర్త శ్యాంబాబుకి చపాతీలు చేసి పెట్టాలి. వీటిలో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది కేసరి ఒక్కటే.

అసలు భయం ఇంకో పని గురించి. కిందటి ఆదివారం గుళ్ళో పాస్టర్ చిట్టియ్యగారు, ఈ వారం ప్రార్థన ప్రసన్నకుమారిగారింట్లో అని ప్రకటించి అంతటితో ఊరుకోలేదు. "ఆవిడ తన ఇరుగుపొరుగులో ఒక్కరినైనా తీసుకొస్తారు" అని కూడా చెప్పేశారు. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. స్త్రీల సమాజం కార్యదర్శి అయివుండి కాదనడం ఎలా? ప్రసన్నకుమారి తలూపింది.

వాళ్ళు కాకినాడలో ఆ వీధికి వచ్చి పదకొండేళ్ళు. వీధిలో క్రైస్తవుల ఇల్లు అదొక్కటే. క్రిస్మస్‌కి అందరికీ కేకు పంచింది, జ్వరాలొచ్చినవాళ్ళకి జావ కాచి ఇచ్చింది గాని, మా ప్రార్థనకి రండి అని నోరు తెరిచి ఎవరినీ పిలవలేదు. పిలిస్తే మతం మార్చడానికి వచ్చిందనుకుంటారేమోనని బెరుకు. ముఖ్యంగా పక్కింటి వీరవేణి. రెండిళ్ళ మధ్య గోడమీంచి ఇన్నేళ్ళూ కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఆ గోడ మీద మాట ఆగిపోతే ప్రసన్నకుమారికి ఆ ఊళ్ళో ఇంక చెప్పుకునే మనిషి లేదు.

ఆదివారంనించి వాయిదా వేస్తూ వచ్చిన మాటని శుక్రవారం పొద్దున్న స్కూలుకి బయల్దేరేముందు ఎలాగో బయటపెట్టింది.

"వీరవేణిగారూ, సాయంత్రం అయిదింటికి మా ఇంట్లో చిన్న ప్రార్థనండి. మీకు వీలుంటే ఒకసారి..." చివరి ముక్క మింగేసింది.

"పిలిచాక వీలేంటండి, వస్తాను. ఇంకా ఎవరెవరికి చెప్పారు?"

"ఎవరికీ లేదండి. మీకే."

"అయ్యో, సాయంత్రం పెట్టుకుని ఇప్పటిదాకా చెప్పలేదా?" వీరవేణి వీధి ఆ చివరిదాకా ఒకసారి చూసింది. "సర్లెండి, మీరు స్కూలుకి వెళ్ళండి. మిగతాది నేను చూసుకుంటాను."

మిగతాది అంటే ఏమిటని అడగాలని ప్రసన్నకుమారికి తోచలేదు. వస్తానన్న మాటకే గుండె తేలికైపోయింది. బస్సెక్కాక కూడా తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

వీరవేణి ఆలోచన వేరు. ఆ వీధిలో ఒక గడప పిలిచి పక్క గడప వదిలేస్తే ఏడాదిపాటు మాటలుండవు. పాపం ప్రసన్నకుమారికి ఇంట్లో అత్తగారు లేరు, ఆ పద్ధతులు చెప్పేదెవరు? పైగా పదకొండేళ్ళలో ఆ ఇంట్లోంచి ఇది మొదటి పిలుపు. అది లోపంగా జరిగితే పక్కింటి మనిషిగా తనకే పరువు తక్కువ. అందుకని వీరవేణి మంచి చీర కట్టుకుని, కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని, నొప్పిపెట్టే కుడి మోకాలిని ఈడ్చుకుంటూ వీధి ఆ చివరినించి మొదలుపెట్టింది. గడప గడపకీ ఆగి, బొట్టు పెట్టి, ఒకటే మాట.

"ప్రసన్నకుమారిగారింట్లో ప్రార్థన పేరంటమండి. అయిదింటికి తప్పకుండా రావాలి."

మలుపు ఇంట్లో ఉండే లోవమ్మగారు వీధికంతటికీ పెద్ద. ఎవరింట్లో పేరంటమైనా మొదటి కుర్చీ ఆవిడదే, మొదటి తాంబూలం ఆవిడకే. ఆవిడ లేస్తేగాని మిగతావాళ్ళు లేవరు.

"వాళ్ళల్లో కూడా పేరంటాలున్నాయంటావా?" అని అడిగింది లోవమ్మగారు.

"ఎందుకుండవండి? వాళ్ళిళ్ళల్లో మాత్రం ఆడవాళ్ళు లేరా?"

"తాంబూలం ఇస్తారా మరి?"

"ఇవ్వకుండా ఎవరైనా పిలుస్తారేంటండీ, మీరు మరీను."

లోవమ్మగారు తృప్తిపడి బీరువాలోంచి పట్టుచీర తీసింది.

అయిదింటికి పాస్టరుగారు, ఆయన భార్య, గుడివాళ్ళు మరో నలుగురు వచ్చేసరికి గుమ్మంలో వీరవేణి పన్నీరుబుడ్డితో నిలబడి ఉంది. పాస్టరుగారు నమస్కారం పెట్టేలోపల ఆయన మీద ఇంత పన్నీరు చిలకరించింది. ఆయన ఉలిక్కిపడి, ఇది పొరుగువారి ప్రేమ అని అర్థం చేసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. అది చూసి ప్రసన్నకుమారి మురిసిపోయింది. ఎంత మంచి మనిషి వీరవేణి.

ఆ మురిపెం తీరకముందే లోవమ్మగారు వచ్చింది. ఆవిడ వెనక పట్టుచీరలు, కనకాంబరాలు, మల్లెదండలు వరసకట్టి వచ్చాయి. ముందు గది నిండింది, పడగ్గది నిండింది, వరండాలో చాప వేశారు. ప్రసన్నకుమారి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక్కరినైనా పంపమని ఆరు రోజులుగా ప్రార్థిస్తోంది. లెక్కలో ఎక్కడో పొరపాటు జరిగిందనిపించింది గాని, దేవుడు చేసిన పనిని తప్పు అనడం ఎలా?

గృహ ప్రార్థనల్లో చిట్టియ్యగారికి అలవాటైన జనం ఎనిమిది మంది, అందులో ఒకరిద్దరు కునికేవాళ్ళు. ఇప్పుడు ఇంటినిండా ఆడవాళ్ళు బుద్ధిగా ఒళ్ళో చేతులు పెట్టుకుని తనవంకే చూస్తుంటే ఆయనకి ఉత్సాహం పొంగింది. పావుగంట చెబుదామని తెచ్చుకున్న ప్రసంగాన్ని ముప్పావుగంటకి సాగదీశారు. దీవెన వాక్యం చెప్పి, అందరిచేతా ఆమెన్ అనిపించి ముగించారు. పదిమందికని చేసిన కేసరిని చెంచాడు చొప్పున పంచారు. ఆడవాళ్ళు కుడిచేతిలో పట్టి, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకుని మళ్ళీ సర్దుకు కూర్చున్నారు.

ఎవరూ లేవలేదు.

పాస్టరుగారు మొదటి వరసలో ఉన్న లోవమ్మగారివైపు చూశారు. "ఇంకా కాసేపు కూర్చోగలరా అమ్మా?"

"మాకేం తొందర లేదండి. కానివ్వండి, నిదానంగానే," అంది లోవమ్మగారు మర్యాదగా.

చిట్టియ్యగారి కళ్ళు చెమర్చాయి. వాక్యం కోసం ఇంతటి ఆకలి ఆయన తన గుళ్ళోనే చూడలేదు. రెండో ప్రసంగం ఎత్తుకున్నారు. వరండాలోవాళ్ళకి వినబడడంలేదని, గుడివాళ్ళలో ఒకరిని పంపి సందు చివర టెంటుహౌసునించి మైకు తెప్పించారు. ఆ మైకు పక్క వీధిదాకా వినిపించింది. తమ వీధిని పిలవకుండా ఇంత పేరంటం చేస్తున్నారేమిటని అక్కడి ఆడవాళ్ళు నొచ్చుకుని, నొచ్చుకున్నట్టు తెలియజెయ్యడానికి వాళ్ళూ వచ్చారు. వచ్చినవాళ్ళని వీరవేణి పన్నీరు చల్లి కూర్చోబెట్టింది.

శ్యాంబాబు పోర్టు ఆఫీసునించి సైకిలు మీద వచ్చేసరికి గేటు ముందు చెప్పులు కుప్పలుగా పడి ఉన్నాయి. గోడవారన వీధిలోని మగవాళ్ళంతా చేతులు కట్టుకుని దిగులుగా నిలబడ్డారు. శ్యాంబాబుకి అది చావింటి వాకిలిలా కనబడింది. సైకిలు వదిలేసి, వీరవేణి భర్త బుల్లబ్బాయి భుజం పట్టుకున్నాడు.

"ఎప్పుడండీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అయిదింటికండి," అన్నాడు బుల్లబ్బాయి.

"పొద్దున్న బానే ఉందండి. క్యారేజీ కూడా కట్టింది."

"మీకు క్యారేజీ అయినా కట్టారండి. మాకు మధ్యాహ్నం కాఫీ లేదు, ఇప్పుడు వంటా లేదు. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు."

తనకోసం వీధి మొత్తం పొయ్యి ఆర్పుకుందని శ్యాంబాబు భోరుమన్నాడు. సరిగ్గా అప్పుడు మైకులో, ఈ కుటుంబాన్ని దేవుడు ఎంత గొప్పగా వాడుకున్నాడో అని పాస్టరుగారి గొంతు వినిపించింది. వంటింటి కిటికీలోంచి భార్య తల కనబడింది.

"ఏడవడం తర్వాతగాని, పాలు పట్టుకురండి ముందు," అంది ప్రసన్నకుమారి.

ఏడున్నరకి మూడో ప్రసంగం మొదలైంది. సంతోషంగా ఉన్న ప్రసన్నకుమారికి కూడా అనుమానం పట్టుకుంది. ముందు వరసలో ఇద్దరు గోడ గడియారంవంక చూస్తున్నారు. టీవీలో సీరియల్ అయిపోయి ఉంటుంది. అయినా కదలరేం? ఇంతలో వీరవేణి వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"ఏవండీ, తాంబూలాలు ఎక్కడ పెట్టారో చెప్పండి, నేను సర్దేస్తాను."

"ఏం తాంబూలాలండీ?"

వీరవేణి ఆవిడ మొహంలోకి చూసింది. ప్రసన్నకుమారి వీరవేణి మొహంలోకి చూసింది. బయట పాస్టరుగారు, ఇంకొక్క మాట చెప్పి ముగిస్తానని ఆ సాయంత్రం నాలుగోసారి అన్నారు.

"అంటే వాళ్ళు కూర్చున్నది..."

"మరి ఇవ్వకుండా ఎలా లేస్తారండి? తాంబూలం తీసుకోకుండా లేచిపోతే మిమ్మల్ని అవమానం చేసినట్టు కదా. లోవమ్మగారైతే పాపం ఇందాకట్నించీ బాత్రూముకి కూడా వెళ్ళలేదు. మీవి ఆలస్యమవుతున్నాయని మీ పాస్టరుగారే ఏదో ఒకటి మాట్లాడుతూ సర్దుకొస్తున్నారనుకుంటున్నాం."

"వాళ్ళు లేచేదాకా ఆయన ఆపరండి," అంది ప్రసన్నకుమారి నీరసంగా. "ఆయన ఆపేదాకా వీళ్ళు లేవరు కాబోలనుకుంటున్నా నేను."

ఇద్దరూ వంటిల్లు గాలించారు. అరటిపళ్ళు నాలుగు దొరికాయి. తమలపాకుల మాటే లేదు. ఈవేళ ఈ ఆడవాళ్ళంతా ఉత్తచేతులతో వెళ్తే, పిలిచి పరువు తీసిందన్న మాట తను బతికున్నంతకాలం వీధిలో ఉంటుంది. అది వీరవేణి మెడకీ చుట్టుకుంటుంది. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కసారి నోరు తెరిచినందుకు ఇదా ఫలితం?

వీరవేణి పొయ్యి పక్కనున్న డబ్బా మూత తీసింది. నిండా బియ్యం.

"అవి కాదండి," అని ప్రసన్నకుమారి అడ్డుపడింది. "అవి గుడికిచ్చేవి. ఎల్లుండి ఇవ్వాలి. వండేటప్పుడల్లా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు దేవుడి పేర పక్కకి తీస్తాం. తీసేటప్పుడు ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేసుకుంటాం."

"ఎవరికోసం?"

"రాత్రి పిడికెడు మా ఆయన కోసమండి. పొద్దున్నది మీ మోకాలికి."

వీరవేణి చేతిలోని మూత చేతిలోనే ఉండిపోయింది. "నా మోకాలికా? ఎప్పట్నించి?"

"మీరు మేడమెట్ల మీద జారిపడిన దగ్గర్నించండి."

"అది నాలుగేళ్ళయింది కదండి."

"అవునండి."

"తగ్గలేదు కదండి."

"తగ్గలేదండి."

"అయినా తీస్తున్నారా?"

"తీస్తున్నానండి."

వీరవేణి పీట మీద కూలబడింది. మోకాలిని ఎవరిదో అన్నట్టు ఒకసారి చూసుకుంది. "ఒక్కసారి చెప్పలేదేంటండి?"

"చెప్తే మీరేమనుకుంటారోనని."

"ఏమనుకుంటానండి? మా ఆయనే దాని సంగతి మర్చిపోయాడు." కొంగుతో మొహం తుడుచుకుని వీరవేణి లేచింది. "ఇంతకన్నా మంచి తాంబూలం ఎక్కడ దొరుకుతుంది? పట్టుకోండి డబ్బా."

స్త్రీల సమాజం కార్యదర్శి ఆదివారం ఖాళీ డబ్బాతో గుడికి వెళ్ళడం ఎలా ఉంటుందో ప్రసన్నకుమారికి కళ్ళకి కట్టింది. తర్వాత లోవమ్మగారి అవస్థ గుర్తొచ్చింది. డబ్బా ఎత్తుకుంది.

ఆ సమయానికి చిట్టియ్యగారు కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థనలో ఉన్నారు. అది పొడుగైన ప్రార్థన. వీధిని, ఊరిని, జిల్లాని వరసగా దేవుడికి అప్పగిస్తున్నారు. ప్రసన్నకుమారి మొదటి పిడికెడు లోవమ్మగారి కొంగులో పోసింది. ఆవిడ కళ్ళకద్దుకుని లేచి, వయసుకి తగని వేగంతో గేటు దాటింది. ఆవిడ లేవడమే ఆలస్యం, పిడికెడు తర్వాత పిడికెడు, కొంగు తర్వాత కొంగు, చప్పుడు చెయ్యకుండా ఇల్లు ఖాళీ అయింది. బయట మగవాళ్ళు వెనకాలే నడిచారు. పాస్టరుగారు రాష్ట్రం దాకా వెళ్ళి, ఆమెన్ అని కళ్ళు తెరిచారు.

ఎదురుగా ఆయన భార్య ఒక్కతే కూర్చుని ఉంది. "అందరూ వెళ్ళారండి," అంది. "మీ టీ చల్లారిపోయింది."

ప్రసన్నకుమారికి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. శనివారం పొద్దున్న తలుపు తీసేసరికి గుమ్మంలో లోవమ్మగారు నిలబడి ఉంది, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గిన్నె, గిన్నెలో బియ్యం. వీరవేణి రాత్రే ఇంటింటికీ సంగతి చెప్పేసింది.

"దేవుడి బియ్యమంట కదమ్మా, ఊరికే ఉంచుకోకూడదు. నాక్కూడా మోకాలే. ఎడమది," అని గిన్నె ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ వెనక వీధంతా ఉంది. ఒకరికి కొడుకు ఇంటర్ గట్టెక్కాలి, ఒకరికి గ్యాస్ కనెక్షన్ రావాలి, ఒకరికి అత్తగారి నోరు తగ్గాలి. పక్క వీధివాళ్ళు కుళాయి నీళ్ళ గురించి ఉమ్మడిగా ఒక బస్తా తెచ్చారు. మధ్యాహ్నానికి డబ్బా నిండి, బకెట్లోకి ఎక్కి, అక్కడా పట్టలేదు.

ఆదివారం శ్యాంబాబు వాటన్నిటినీ రిక్షాలో గుడికి చేర్చాడు. చిట్టియ్యగారు బియ్యం పక్కన ఖాళీగా ఉన్న బెంచీలవైపు చూశారు.

"మీ వీధివాళ్ళు ఒక్కరూ రాలేదేంటమ్మా?"

"వాళ్ళు రాలేదండి. వాళ్ళ కష్టాలు పంపించారు," అంది ప్రసన్నకుమారి.

పాస్టరుగారు ఆ బస్తావంక చాలాసేపు చూసి, ఆ రోజు ప్రసంగాన్ని సగానికి తగ్గించారు.

తర్వాత నెల రోజులు శ్యాంబాబు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాడు. వీధి మొత్తానికీ పేరుపేరునా ప్రార్థన అయితేగాని ఇంట్లో ఎసట్లో బియ్యం పడేవి కావు. నెలాఖరున లోవమ్మగారు చేతికర్ర లేకుండా నడిచి వచ్చి, తన మోకాలు నయమైపోయిందని ప్రకటించి, ఇంటికి వెళ్ళేదారిలో నలుగురికి మళ్ళీ చెప్పింది. ఆ సాయంత్రం గోడ మీద వీరవేణి తల కనబడింది.

"నాలుగేళ్ళు నాకోసం తీస్తే ఆవిడకి తగ్గిందేంటండి?"

"నేను మీ పేరే చెప్తున్నానండి."

"పేరు చాలట్లేదేమో చూడండి," అంటూ వీరవేణి పులుసు గిన్నె గోడ మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్న పిడికెడు తీసి కళ్ళు మూసుకున్న ప్రసన్నకుమారి, ఎందుకైనా మంచిదని డోర్ నెంబరు కూడా చెప్పింది.