ఈతతొట్టికి అంచనా వ్యయం

"ఈత రాని జాతికి భవిష్యత్తు లేదు!" అని 1960 మార్చి నెలాఖరున మా సమితి ఆఫీసరుగారు దిబ్బపాలెంలో సముద్రం ఒడ్డున నిలబడి ప్రకటించారు. ఎదురుగా ఇసుకలో కూర్చుని విన్నవాళ్లు రెండువందలమంది, అందరూ చేపలు పట్టి బతికేవాళ్లే. వాళ్లలో నడక సరిగ్గా రాకముందే ఈత వచ్చినవాళ్లు సగంమంది. అయినా మర్యాద తెలిసినవాళ్లు కాబట్టి చప్పట్లు కొట్టారు.

సంగతేమిటంటే, ఆ ఏడు క్రీడల పద్దులో అయిదువేల రూపాయలు మిగిలిపోయాయి. మార్చి దాటితే ఆ డబ్బు వెనక్కి పోతుంది. డబ్బు వెనక్కి పంపిన ఆఫీసరు ముందుకు పోడు. అందుకని సముద్రానికి నూరు గజాల దూరంలో ఈతతొట్టి వెలిసింది. ఇసుకనేలలో నీళ్లు నిలవవు గనుక తొట్టి లోపలంతా మద్రాసు నుంచి తెప్పించిన మందపాటి రబ్బరు గుడ్డ పరిచారు. దాన్ని లైనింగు అంటారని, కోటుకి ఎలాగో తొట్టికీ అలాగేనని ఇంజనీరుగారు నాకు వివరించారు.

నాకే ఎందుకు వివరించారంటే, ఆ తొట్టికి ఈత బోధకుణ్ని నేనే. పేరు కామాక్షయ్య, ఊరు బుచ్చిరెడ్డిపాలెం, చదువు ఎస్సెస్సెల్సీ పాసు, జీతం ఎనభై రూపాయలు. ఆ ఎనభై మీద మా ఇంట్లో ఆరుగురు బతకాలి. ఈత రాదు. ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం అధికప్రసంగమని నేనూ ఊరుకున్నాను.

తొట్టి నింపిన నాలుగోనాడు నేను నీళ్లలోకి దిగి పాఠం మొదలుపెట్టాలి. తీరా పొద్దున వెళ్లి చూస్తే చుక్క నీరు లేదు. అడుగునుంచి ఒక ఎండ్రకాయ లైనింగుకు చిల్లు పెట్టుకుని పైకొచ్చి, తొట్టి నడిమధ్యన కూర్చుని ఉంది. ఆ ఎండ్రకాయకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇక మరమ్మతుకు అంచనా వెయ్యాలి. ఇది చిన్న విద్య కాదు. ఖర్చు అయిదువందలకు లోపైతే సమితివాళ్లే మర్నాడు బాగుచేయించేస్తారు, నేను నీళ్లలో దిగాల్సి వస్తుంది. కొత్త లైనింగు ధరలో సగం దాటిందా, బాగుచెయ్యడం దండగని తొట్టి మూసేస్తారు, నా ఉద్యోగం పోతుంది. మధ్యలో ఉంటేనే కాగితాలు నెల్లూరుకు పోతాయి. పోయినవి అంత తొందరగా తిరిగి రావు. బాగా ఆలోచించి పదిహేడువందల ఎనభై అయిదు రూపాయల పన్నెండు నయాపైసలు అని వేశాను. ఆ పన్నెండు నయాపైసలు చూసి నా నిజాయితీని ఎవరూ శంకించలేదు.

నెల్లూరునుంచి ప్రశ్నలొచ్చేవి. చిల్లు పొడవెంత, వెడల్పెంత? ఎండ్రకాయ మీద ఏం చర్య తీసుకున్నారు? ఒక్కో ప్రశ్నకు నేను నాలుగు నెలలు తీసుకుని, సమగ్రంగా జవాబు రాసేవాణ్ని. నెలనెలా నివేదికలో "ఈత వచ్చినవారు రెండువందలమంది" అనీ రాసేవాణ్ని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

పడవ నడిపే మస్తానయ్య మంచితనంతో నా కొంప ముంచబోయాడు. పడవ పగుళ్లకు పూసే గుగ్గిలం తెచ్చి, ఊరికే పూడ్చేస్తానన్నాడు. ప్రభుత్వ చిల్లును ప్రైవేటు మనుషులు ముట్టుకోకూడదని ఆపేశాను. అతని భార్య నాగులమ్మ మాత్రం నా పక్షమే. ఎండిన తొట్టిలో, ఆ శుభ్రమైన లైనింగు మీద ఆమె చేపలు ఎండబెట్టుకునేది. ఇసుక అంటదు గనుక కావలి వర్తకుడు తూకంలో ఇసుక తరుగు తీసెయ్యడం మానేశాడు. నీళ్లు నింపేటట్టుంటే ముందుగా చెప్పమని ఆమె నన్ను ఎప్పుడూ అడిగేది. అటువంటి భయమేమీ పెట్టుకోవద్దని నేను ధైర్యం చెప్పేవాణ్ని.

మూడేళ్లు ఇలా హాయిగా గడిచాయి. 1963లో కొత్త ఆఫీసరుగారు వచ్చారు. మళ్లీ మార్చి, మళ్లీ డబ్బు మిగిలింది. మరమ్మతు మాట కట్టిపెట్టమని చెప్పి, నాలుగువేల ఎనిమిదివందల అరవై రూపాయలు పోసి కొత్త లైనింగే వేయించారు. తొట్టి నిండింది. నాగులమ్మ చేపలు ఇసుకలోకి పోయాయి. రిబ్బను కత్తిరించాక ఆఫీసరుగారు నావైపు తిరిగి, బోధకుడుగారు ఒకసారి ఈది చూపిస్తే బాగుంటుందన్నారు.

దూకాను. దూకక చస్తానా! నీళ్లు నాలుగున్నర అడుగులు, నేను అయిదడుగుల నాలుగంగుళాలు. లేచి నిలబడితే సరిపోయేది గాని, లోపలున్నవాడికి ఆ లెక్క తట్టదు. మస్తానయ్య దిగి, జుట్టు పట్టుకుని నన్ను ఒడ్డుకేశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆఫీసరుగారి కళ్లు మాత్రం చెమ్మగిల్లాయి. గురువునే గట్టెక్కించిన శిష్యుణ్ని తయారుచేశాడంటే ఇదెంత గొప్ప తర్ఫీదో చూడండని సభకు చెప్పారు. నన్ను నూటఇరవై రూపాయల జీతం మీద పర్యవేక్షకుణ్ని చేశారు. ఇక గొడుగు కింద కుర్చీలో కూర్చుంటే చాలు. ఖాళీ అయిన బోధకుడి ఉద్యోగం ఎవరికివ్వాలో నన్నే నిర్ణయించమన్నారు.

ఆ శనివారం మస్తానయ్య భార్యతో కలిసి వచ్చాడు.

"ఆ ఎనభై రూపాయల పని నాకిప్పించండి సారూ. పడవ పాతదైపోయినాది. ఎన్నాళ్లో రాదు."

నాకు నిజంగానే సిగ్గేసింది. సిగ్గు విధి నిర్వహణకు అడ్డం రాకూడదని నిబంధనల పుస్తకం తెరిచి చదివాను. ఎస్సెస్సెల్సీ పాసైనవాడే బోధకుడు. తక్కినవాళ్లు నేర్పితే చెల్లదు. ఆ అర్హత మా బావమరిది మునెయ్యకు ఉంది, మూడోసారికి పాసయ్యాడు. సోమవారం చేరుతున్నాడని చెప్పాను.

"ఆ అయ్యోరికి ఈతొస్తాదా?" అని నాగులమ్మ అడిగింది.

"నేర్చుకుంటాడు."

"ఎవురి దగ్గర?"

నేను మస్తానయ్య వంక చూశాను. "నేర్పేదానికి నువ్వున్నావు గదయ్యా," అన్నాను.

మస్తానయ్య కోపం తెచ్చుకోలేదు. 

"నేర్పేదానికి నాకేం సారూ. చదువు లేనోడు నేర్పితే చెల్లదని ఇప్పుడే గదా మీరు చదివి చెప్పినారు," అని పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి మునెయ్య దిగాడు. చేతిసంచీ, కొత్త నిక్కరు. తొట్టి చూసి, "లోతెంత బావా?" అన్నాడు. అడుగుతూనే గట్టునుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు. మా ఆవిడకు వాడొక్కడే తమ్ముడు. రేపు పొద్దున ఆఫీసరుగారు మొదటి పాఠం చూడటానికి వస్తున్నారు.

వాణ్ని గొడుగు కింద కూర్చోబెట్టి నాగులమ్మ గుడిసెకు వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఎండుచేపలకంటిన ఇసుక దులుపుతోంది.

"చేపలు కోసే కత్తి ఒకటి కావాలమ్మా," అన్నాను.

ఆమె తొట్టివైపు ఒకసారి చూసి లేచింది. లోపల్నుంచి రెండు తెచ్చి, బొటనవేలితో అంచులు చూసి, పదునున్నది నా చేతికిచ్చింది.