మారెక్క ఇంటికి రాని జలుబు

కార్తీకం మొదలవగానే జలుబు ఎప్పటిలాగే పొద్దుటి బస్సులో గుండ్లకొట్టాలకు వచ్చింది. కండక్టరు దానికి అర టికెట్టు కొట్టాడు. కూర్చునేది ఎలాగూ ఇంకొకరి మెడమీదే కాబట్టి సీటు మాత్రం ఇవ్వలేదు. ఈసారి అది ఒక గాజుల వ్యాపారి మెడమీద వచ్చింది. వ్యాపారి పై ఊరికి పోవాల్సినవాడు. తలారి ఓబులేసు బస్సు కిటికీ దగ్గర నిలబడి, అతనితో వానల సంగతి నాలుగు మాటలు మాట్లాడి, జలుబును తన మెడమీదికి దింపుకున్నాడు. ఊరికి ఏ అధికారి వచ్చినా ముందు తలారే ఎదురెళ్లి దింపుకోవడం అక్కడి పద్ధతి.

జలుబు అప్పుడే పుట్టిన మేకపిల్లంత ఉంటుంది. తడిసిన గొంగడి ముక్కలా మెడకు చల్లగా తగులుతుంది. దానికి కాళ్లు లేవు. ఒకరి నోటి ముందు ఇంకొకరి ముఖం ఉంటే ఆ ఊపిరి పట్టుకుని దూకుతుంది. రెండు బారలు దాటితే అందుకోలేక మట్టిలో పడి ఎండిపోతుంది. మనుషులు దగ్గరగా కూర్చుంటేనే దాని బతుకు.

ఊళ్లో దానికి వారాలు కుదిర్చి ఉన్నాయి. వెనకటికి చదువుకోవడానికి వచ్చిన పేదపిల్లలు రోజుకొక ఇంట్లో తిన్నట్టే, జలుబు కూడా ఇంటింటా కొన్నాళ్లుండి, మిరియాల కషాయం తాగి, తరువాతి ఇంటికి పోతుంది. నిజానికి పోయేది అదే జలుబు కాదు, దాన్ని చూసి ఆ ఇంటివాళ్ల ఒళ్లు కుట్టిన ఇంకో జలుబు. కొలతకు ఆది జాకెట్టు ఇచ్చి కొత్తది కుట్టించుకుని, మరుసటేడు ఆ కొత్తదాన్నే ఆదిగా ఇస్తే ఏమవుతుందో ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు. చంక దగ్గర ఇంత, మెడ దగ్గర ఇంత తేడా వస్తూ వస్తూ, కడాకు ఆ జాకెట్టు పక్కింటామెకు సరిపోతుంది. జలుబు సంగతీ అంతే. ఒకచోట చెవి వంకర పోతుంది, ఇంకోచోట మీసం మొలుస్తుంది.

ఆ తేడాలే దానికి తిండి పెడతాయి. ప్రతి ఒంట్లో గొంతు గడప దగ్గర ఒక కావలివాడు కూర్చుని ఉంటాడు. పోయినేడు వచ్చినవాడి ముఖం అతనికి గుర్తే. అదే ముఖంతో వస్తే అడుగు పెట్టనివ్వడు. చెవి వంకరగా ఉంటే మాత్రం ఎవరో దూరపు చుట్టమనుకుని లోపలికి పిలుస్తాడు. పొరపాటు తెలిసేసరికి మంచం వాల్చి, దుప్పటి కూడా ఇచ్చి ఉంటాడు.

ఇదంతా సవ్యంగా సాగిపోతుండగా, పైనుంచి ఒక రూలు వచ్చింది. మూడేళ్లు వరుసగా జలుబు వెళ్లని ఇంటిని ఖాళీ ఇల్లుగా రాయాలి, కరెంటు తీసేయాలి. మనిషి ఉంటే మాట ఉంటుంది, మాట ఉంటే ఊపిరి తగులుతుంది, ఊపిరి తగిలితే జలుబు వస్తుంది. రాలేదంటే మనిషి లేడు. రూలులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు నిశ్చింతగా తుమ్ముకుంటున్నారు.

ఊరి చివర కారం మిషన్ మారెక్కకు మాత్రం రెండేళ్లు గడిచిపోయాయి. ఇది మూడోది.

మారెక్క ఒంటిది. ఇంటి ముందరి గదిలోనే మిషన్. మిరపకాయలు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వీధికి అవతల నిలబడతారు. సంచి గోడమీద పెట్టి చేత్తో సైగ చేస్తారు. ఆమె ఆడించి మళ్లీ గోడమీదే పెడుతుంది. ఆమె చీరలో కారం, జుట్టులో కారం, కనురెప్పల్లో కారం. ఊళ్లో అందరి కూరల్లోనూ ఆమె చెయ్యి ఉంది కానీ, ఆమె ముఖం ముందు ముఖం పెట్టి మాట్లాడినవాళ్లు ఆమె భర్త పోయాక లేరు. అంతకుముందు కూడా అతనొక్కడే.

కరెంటు పోతే మిషన్ ఆగుతుంది. మిషన్ ఆగితే గోడమీద సంచి పెట్టేవాళ్లు కూడా రారు. అందుకని మారెక్క ఆ ఏడు జలుబు కోసం తానే బయలుదేరింది.

ముందు సర్పంచి భార్య హంపక్క దగ్గరికి పోయింది. హంపక్కకు అప్పుడు మంచి జలుబు, మీసమున్నది, ఒళ్లో పిల్లిలా ముడుచుకుని పడుకుని ఉంది.

"హంపక్కా, ఒక్కసారి నా మొగాన దగ్గు" అంది మారెక్క.

"దగ్గుతా గానీ, నువ్వు కొంచెం అంత దూరం పో మే. నీ చీర గాలికే నాకు కండ్లు మండుతాండాయి."

"దూరం పోతే యాడ అంటుకుంటాది?"

"గట్టిగా దగ్గుతాలే."

హంపక్క మాట తప్పలేదు. ఊపిరి బిగబట్టి, కడుపు పట్టుకుని దగ్గింది. జలుబు కూడా దాని ప్రయత్నం అది చేసింది. రివ్వున ఎగిరి, ఇద్దరికీ మధ్య అరుగుమీద టప్పున పడి, కాసేపు కొట్టుకుని ఎండిపోయింది. "నా పని నేను చేసినా కదా, మళ్లా నన్ననద్దు" అంది హంపక్క.

మారెక్క ఒక పెళ్లికి పోతే పంక్తిలో ఆమెకు అటూ ఇటూ ఆకులు ఖాళీగా ఉన్నాయి. బస్సులో తుమ్ముతున్న మనిషిని వెతుక్కుని పక్కన కూర్చుంటే, ఆయన తన ఊరు రాకముందే దిగిపోయాడు. కుంకుడుకాయతో తలంటుకుని, పెళ్లినాటి చీర కట్టుకుని రచ్చకట్ట దగ్గరికి పోతే, "ఏం మారెక్కా, కొత్తగా ఉండావే" అని అందరూ ప్రేమగానే పలకరించారు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని. అలవాటు.

సంక్రాంతి వెళ్లింది. శివరాత్రికి జలుబు వెనక్కి పోతుంది. ఆలోగా లెక్క రాసుకోవడానికి జలుబుల సారు వచ్చాడు. బక్కపలచని మనిషి, మర్యాదస్తుడు. ఇంటింటికీ పోయి, తుమ్ము విని, మెడమీది జలుబును వేలితో తాకి చూసి, నమోదు చేసుకుంటున్నాడు. మారెక్క గడప ముందు నిలబడగానే ఆమె తుమ్మింది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

"చూడు సామీ, వచ్చినాది!"

సారు కూడా తుమ్మాడు. అతని వెనక ఓబులేసు తుమ్మాడు. గోడమీది కాకి రెక్కలు విదిలించుకుని ఎగిరిపోయింది.

"ఇది కారం తుమ్మమ్మా" అన్నాడు సారు కళ్లు తుడుచుకుంటూ. "మెడమీద ఏమీ లేదు. లెక్కలోకి రాదు."

"తుమ్ము తుమ్మే కదా సామీ. మనిషి తుమ్మకుండా కారం ఊరికే తుమ్ముతాదా?"

"నువ్వు ఉండావని నాకు కనపడతాంది. రూలుకు కనపడల్ల కదా. శివరాత్రి ముందు ఇంకోసారి వస్తా. అప్పటికి చూడు."

సారు పోయాడు. ఓబులేసు రెండు అడుగులు వేసి వెనక్కి చూశాడు. ఇంటింటి లెక్క ఊరి చివరికి చేరేసరికి చాలా రోజులు పట్టింది, ఆ పాటికి ఊళ్లో జలుబులన్నీ వారాలు ముగించుకుని ఎండిపోయాయి. మిగిలింది అతని మెడమీద ఉన్నదొక్కటే. అదీ ఊరంతా తిరిగి వచ్చింది. చెవులు రెండూ వంకర, మీసం సగం రాలి ఉంది. బస్సు ఎక్కించి పంపడానికి దాన్ని అట్టిపెట్టుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం అతను మారెక్క ఇంటికి వచ్చాడు. సంచి లేదు. గోడ దగ్గర ఆగకుండా, వీధి దాటి, గడప దాటి లోపలికి వచ్చాడు. మారెక్క గబగబా మిషన్ ఆపింది.

"మిరపకాయలేవి?"

"లేవు. ఊరికే వచ్చినా."

ఊరికే వచ్చినవాళ్లకు ఏం చేయాలో ఆమెకు వెంటనే గుర్తు రాలేదు. పీట వేసి, అది కారంగా ఉందని కొంగుతో దులిపి, దులిపాక ఇంకా కారం లేచిందని సిగ్గుపడింది. ఓబులేసు కూర్చుని, ముక్కుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

ఆమె రాగి సంగటి కెలికింది. వేరుశనగలతో ఊరుబిండి నూరింది. ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఓబులేసు తన కుంటి ఎద్దు సంగతి చెప్పాడు. ఆమె తన మిషన్ బెల్టు రెండేళ్లుగా ఏమని మూలుగుతోందో చెప్పింది. ఎద్దు మూలుగుకీ బెల్టు మూలుగుకీ పోలిక కుదిరి ఇద్దరూ నవ్వారు. ఓబులేసుకు నవ్వులో పొలమారి దగ్గు వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకోలేదు.

జలుబు ఒక బారెడు దూరాన్ని తీరుబడిగా దాటి, మారెక్క మెడమీద సర్దుకుంది.

"చల్లగా ఉండాది" అంది మారెక్క. మెడ కదిలిస్తే ఎక్కడ పోతుందోనని కదలకుండా కూర్చుంది.

ఓబులేసు చెయ్యి కడుక్కుని లేచాడు. "ఇంకాసేపు కూసో, పోదువులే" అంది ఆమె. అతను కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. మళ్లీ అంది. పొద్దు గూకేదాకా అలాగే జరిగింది.

సారు వచ్చి, మిషన్ ఆపించి, తుమ్ము విని, మెడ తాకి, బాగుందన్నాడు. ఇంట్లో మనిషి ఉన్నట్టు రాశాడు. కరెంటు నిలిచింది.

తిరుగు బస్సు కోసం ఓబులేసు జలుబును అడగడానికి వస్తే మారెక్క ఇవ్వలేదు. జలుబూ పోలేదు. ఆమె గొంతులోని కావలివాడు రెండేళ్లుగా ఎవరినీ చూడక కునికిపాట్లు పడుతున్నాడు. వచ్చినది ఎవరైనా సరే, మాట్లాడటానికి తోడు దొరికిందని పక్క వేశాడు. శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. రోహిణి ఎండల్లో కూడా మారెక్క సన్నగా దగ్గుతూనే ఉంది. ఆమె దానితో మాట్లాడేది. అది కొత్త జలుబులు కుట్టేది, పాతవి ఎండిపోయేవి. వేరే ఇల్లు లేక, కుట్టిన ప్రతి జలుబూ ఆమె కొలతకే కుట్టింది. వానాకాలానికి దాని కళ్లు ఎర్రబడ్డాయి. కారానికి అలవాటు పడింది. పీట ఎక్కేముందు దులుపుకోవడం నేర్చుకుంది.

ఇంకొకటి కూడా నేర్చుకుంది. గోడవతల ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నవాళ్లు కారానికి పెద్దగా తుమ్మి, తువ్వాలు జారి, ఒక్కసారిగా గాలి పీల్చుకుంటారు. ఆ పీల్పుకు వీధి వెడల్పు ఒక లెక్క కాదు. పైగా కారపు పొడి ఎగిరినంత దూరం దానిమీద కూర్చుని తానూ ఎగరవచ్చు.

ఆ కార్తీకంలో బస్సులో వచ్చిన జలుబుకు ఊళ్లో ఒక్క వారం కూడా కుదరలేదు. పోయినేడు ఊరినుంచి ఏదీ వెనక్కి పోలేదు కాబట్టి అది పాత ముఖంతోనే వచ్చింది; కావలివాళ్లందరూ గుర్తుపట్టి గడపలోంచే పంపేశారు. అదే బస్సులో, అదే అర టికెట్టుమీద వెనక్కి పోయింది. అప్పటికే ప్రతి ఇంట్లో ఎర్రకళ్ల జలుబు ఉంది. దీని ముఖం ఎవరి కావలివాడూ ఎప్పుడూ చూసి ఉండలేదు.

అది పెద్దగా బాధ పెట్టేది కాదు. సన్న దగ్గు, కొంచెం కళ్లమంట. కాకపోతే అది పట్టినవాళ్లు కూర్చునేముందు పీట దులిపేవాళ్లు. ఇంటికి ఎవరైనా వచ్చి లేవబోతే, చెయ్యి పట్టుకుని "ఇంకాసేపు కూసో, పోదువులే" అనేవాళ్లు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా తీర్చడానికి వచ్చిన పెద్దమనుషులు రెండు రోజులు అక్కడే తిన్నారు. పాలు పోయడానికి వచ్చినవాడు పాలు విరిగేదాకా కూర్చున్నాడు. ఎక్కువసేపు కూర్చునేకొద్దీ జలుబు ఎక్కువమందికి పాకింది. పాకేకొద్దీ ఇంకా ఎక్కువసేపు కూర్చున్నారు. జలుబుల సారుకు ఇంత చక్కటి ఊరు ఎక్కడా తగలలేదు. అతన్నీ హంపక్క మూడు పూటలు పోనివ్వలేదు.

ఆఖరున అతను మారెక్క గడపకు వచ్చాడు. మిషన్ ఆపించి, మెడ తాకి చూశాడు. మెడ పొడిగా, వెచ్చగా ఉంది. ఏడాదంతా ఒకే ముఖం చూసి చూసి, ఆమె కావలివాడు కడాకు మేలుకుని పక్క ఎత్తేశాడు.

"ఊరంతా నీ జలుబే ఉండాదమ్మా" అన్నాడు సారు. "నీ ఇంట్లో మాత్రం లేదు."

"మరి నేనుండా కదా సామీ."

"మొదటి ఏడే కదా. ఇంకా రెండేండ్లుండాది. తొందర లేదు." ఈ ఏడు ఈ ఇంట్లో జలుబు లేదని రాసుకుని, మర్యాదగా నమస్కారం పెట్టి పోయాడు.

వీధికి అవతల హంపక్క సంచి గోడమీద పెట్టి, తువ్వాలు సర్దుకుంది.

"హంపక్కా, లోపలికి రాకూడదా ఒకసారి" అంది మారెక్క.

"యాలమ్మా? కార్తీకం నుంచీ నువ్వు మా ఇంట్లోనే ఉండావు. నా పక్కలోనే పడుకుంటాండావు. మళ్లా నీ ఇంటికొచ్చి ఎవర్ని చూడల్ల?" అంది హంపక్క ఎంతో ఆప్యాయంగా. సంచి నిండగానే తీసుకుని, దగ్గుకుంటూ పోయింది.

మారెక్క మిషన్ ఆపింది. అప్పుడు కనిపించాడు ఓబులేసు, సంచి లేకుండా గడపలో. మెడమీద ఎర్రకళ్ల జలుబు కూర్చుని, ఆమెను పాత పరిచయంతో చూస్తోంది. అతను పీట తానే వాల్చుకుని, దులిపి కూర్చున్నాడు.

"ఎద్దు ఎట్లుండాది?" అంది మారెక్క.

"అట్లే ఉండాది. పోవల్ల, పనుండాది." ఆ మాట అంటూనే లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. "ఇంకాసేపు కూసుంటాలే."

కూర్చుంటున్నది ఓబులేసా, అతని మెడమీది జలుబా అని ఆమె అడగబోయి మానుకుంది. పొయ్యిమీద ఇద్దరికి సరిపడా ఎసరు పెట్టింది.