చెరువు ఎండినా నడక ఆగకూడదు

మా పెనుకొండ ప్రాంతానికి నడక నేర్పింది బెంగళూరు వాళ్ళే. ఇందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

అంతకుముందు మీవాళ్ళు నడవలేదా అని మీరు అడగొచ్చు. లేదు! గొర్రెల వెనక పోయేవాళ్ళు, సంతకు పోయేవాళ్ళు, బస్సు తప్పిపోతే చెన్నేకొత్తపల్లి దాకా తిట్టుకుంటూ పోయేవాళ్ళు. దాన్ని నడక అంటారా? టోపీ లేదు, బూట్లు లేవు, చేతిలో కర్ర ఉన్నా అది గొర్రెల కోసం. పైగా ఏదో ఒక పనిమీద ఎక్కడో ఒకచోటికి చేరేవాళ్ళు. అసలైన నడకకు పనీ ఉండకూడదు, చేరే చోటూ ఉండకూడదు. బయలుదేరిన కారు దగ్గరికే తిరిగి రావాలి.

నేను హిందూపురంలో ఒక బ్యాంకులో ముప్పై రెండేళ్ళు కుర్చీలో కూర్చుని రిటైరైనవాణ్ణి. కాబట్టి నడక గురించి మాట్లాడే అర్హత నాకు పూర్తిగా ఉంది. రెండేళ్ళుగా ఒక ట్రెక్కింగ్ క్లబ్బులో సభ్యుణ్ణి. మా లీడర్ ఉదయ్ కుమార్‌ది హిందూపురమే, ఉద్యోగం మాత్రం బెంగళూరులో, సాఫ్ట్‌వేర్. ప్రతి ఆదివారం నడవడానికి ఇరవై కార్లలో వస్తాం. పర్యావరణం అంటే మాకు అంత ప్రేమ!

మా దారి పెనుకొండ కొండల వెనక అడవిలో ఉంది. ఊరి పేరు చెప్పను, చెబితే వచ్చే ఆదివారం మీరూ దిగుతారు. సీతాఫలం చెట్లు, బండారు పొదలు, అక్కడక్కడా నెమళ్ళు. రెండు కుంటలు దాటి చివరికి ఒక చెరువు దగ్గర తేలుతుంది. ఈ దారి గొప్పతనం ఏమిటంటే, ఎక్కడా ఎక్కే పని లేదు! రెండు మైళ్ళూ మెత్తటి ఇసుక, కాలికి తెలియనంత వాలు. రెండు పక్కలా మోకాలెత్తు గట్లు, తప్పిపోదామన్నా కుదరదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ కోసం ప్రకృతి ప్రత్యేకంగా చేసిపెట్టిన దారి అని ఉదయ్ చెప్పాడు. మేమంతా ప్రకృతికి చప్పట్లు కొట్టాం.

ప్రకృతి మరిచిపోయినవి కొన్ని మేము సరిచేశాం. పర్యావరణ దినోత్సవం నాడు దారి మధ్యలో ముప్పై మొక్కలు నాటి, ఒక్కో మొక్కతో ముప్పై ఫోటోలు దిగాం. మొక్కల్ని మేకలు వారంలో తినేశాయి. ఫోటోలు భద్రంగా ఉన్నాయి. అలసినవాళ్ళు కూర్చోవడానికి ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా అడ్డంగా ఐదు రాతి బెంచీలు కట్టించాం. సిమెంటుతో, పునాదితో!

దారిలో రూతమ్మ అనే ఆవిడ ఎదురయ్యేది. చెరువు కింద ఆమెకు అర ఎకరా మడి ఉంది. నెత్తిన గడ్డిమోపుతో మా ఐదు బెంచీలూ ఎక్కి దిగి పోయేది. ధర్మవరంలో పట్టుచీరల కొట్టున్న ప్రమోదగారు ఆమెను చూసి ముచ్చటపడి, ఇంత ఫిట్‌గా ఉండడానికి ఏం తింటావని అడిగారు. సంగటి అని చెప్పి పోయింది. ఆ వారం మా గ్రూపులో రాగిసంగటి మీద నలభై మెసేజీలు! నడక వల్ల జ్ఞానం పెరుగుతుందనడానికి ఇంకేం రుజువు కావాలి?

ఇక చెరువు సంగతి. నిరుడు దాంట్లో నీళ్ళు లేవు. ఒక రకంగా మంచిదే కదా! నీళ్ళుంటే కట్ట మీద నుంచి చూడగలం, అంతే. ఎండిపోతే లోపలికి దిగి చాప పరుచుకుని యోగా చేయొచ్చు. ఉదయ్ దానికి ‘లేక్ గ్రౌండ్’ అని పేరు పెట్టాడు. చేపలకు తప్ప ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాం.

ఈ ఏడు జూలైలో గట్టి వాన పడింది. ఆదివారం పోయి చూస్తే చెరువు ఎప్పటిలాగే పొడిగా ఉంది, మా దారి మాత్రం బురద. మూడో బెంచీ మీద చెన్నప్ప అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆ ఊరికి నీరుగంటి, అంటే చెరువు నీళ్ళు మడులకు పంచేవాడు. రెండేళ్ళుగా మా కార్లూ బెంచీలూ చూసి, ఇదేదో గవర్నమెంటు పని అనుకుని ఊరుకున్నాడట. మా వ్యాయామం పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగి, అప్పుడు లేచాడు.

“ఇది దారి గాదు సార్, చెరువు కాలువ. కొండనీళ్ళు దించేకి మా తాతల కాలంలో తవ్వినారు. నీళ్ళు నడిచే తావ మీరు నడుస్తాండారు. నీళ్ళు యాడ నడవల్ల?”

ఆ వాలు అంత మెత్తగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. మోకాళ్ళ కోసం కాదు, నీళ్ళు తొందరపడి గట్లు కోయకుండా! రెండేళ్ళలో మేము వాతావరణం ఎలా ఉంటుందో ఫోన్‌ను అడిగాం, సంగటి ఎలా చేస్తారో రూతమ్మను అడిగాం. ఈ దారి ఎవరిదని ఊళ్ళో ఒక్క మనిషిని అడగలేదు.

కొండ నుంచి వచ్చిన నీళ్ళు రెండు బెంచీలు ఎలాగో దాటి, మూడోదాని దగ్గర ఓడిపోయి, గట్టు తెంచుకుని అడవిలోకి పోయాయట. రూతమ్మ ఎవరినో బతిమాలి, వాళ్ళ బోరు నీళ్ళతో నారు పోసింది. పదిరోజుల్లో చెరువుకు నీళ్ళు రాకపోతే ఆ నారు పశువులకే అని చెన్నప్ప చెప్పాడు.

ఉదయ్ చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. అందరితో మీటింగ్ పెడదామన్నాడు. ఆన్‌లైన్‌లో, వచ్చే నెల రెండో శనివారం! చెన్నప్పకు లింక్ పంపిస్తానన్నాడు. చెన్నప్పది బటన్ల ఫోను. నారుకేమో రెండో శనివారం తెలియదు. అయినా మేమంతా చేతులెత్తి ఆమోదించాం. నేనూ ఎత్తాను.

చేయి దించుతుంటే మూడో బెంచీ మీద చెక్కిన పేరు కనిపించింది. నాదే! రిటైరైన సంతోషంలో నేనే ముచ్చటపడి కట్టించుకున్న బెంచీ అది. చెప్పుకోవడానికేం, సిగ్గుతో చచ్చిపోయాను.

మంగళవారం మా క్లబ్బు వాళ్ళెవరూ అటు రారు. ఒక గడ్డపార కొనుక్కుని హిందూపురంలో బస్సెక్కాను. చెన్నప్ప నన్ను చూశాడు, నా చేతులు చూశాడు, గడ్డపార తను తీసుకుని నాకు తట్ట ఇచ్చాడు. రూతమ్మతో పాటు మడులున్నవాళ్ళు ఏడెనిమిది మంది వచ్చారు. పొద్దు వాలేలోపు ఐదు బెంచీలూ కాలువ దాటి గట్టెక్కాయి. తెగిన గట్టుకు నా బెంచీ రాళ్ళే పేర్చి మట్టి కొట్టారు. పేరున్న వైపు లోపలికి తిప్పమని నేనే బతిమాలుకున్నాను.

శనివారం వాన కురిసింది. ఆదివారం పొద్దున గ్రూపులో ఉదయ్ మెసేజ్ పెట్టాడు. దారి నిండా నీళ్ళు, బెంచీలు వరదకు కొట్టుకుపోయాయి, ట్రెక్ నిరవధికంగా వాయిదా. అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు. నేను రెండు పెట్టాను.

అంతలోనే చెన్నప్ప ఫోన్ చేశాడు.

“చెరువు సగానికి పైన నిండింది సార్. రాండి, కట్ట మింద కూచుందురు గాని. నడిచే పని నీళ్ళు చూసుకుంటాండాయి.”

పోయి కూర్చున్నాను. కింద మడిలో రూతమ్మ నాట్లు వేయిస్తోంది. సాయంత్రం దాకా నేను ఒక్క అడుగు కూడా వేయలేదు.