ఆవిడ మాట్లాడుతుండగా

మనిషి నిప్పును పట్టుకొచ్చి పొయ్యిలో కూర్చోబెట్టాడు. కృష్ణానదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నీళ్ళను కాలవల్లోకి వరసగా నడిపించాడు. చంద్రుడి మీదికి వెళ్ళి, అక్కడ చేసే పనేమీ లేదని రూఢి చేసుకుని తిరిగొచ్చాడు. ఇన్ని ఘనకార్యాలు చేసిన మానవజాతి రెండువేల ఎనిమిదో సంవత్సరంలో ఒక్కచోట మాత్రం చేతులెత్తేసింది. కారులో దారి చెప్పే గొంతును కాస్త తగ్గించడం దాని తరం కాలేదు. ఈ పరాజయం హనుమాన్ జంక్షన్‌కు చెందిన ఎల్లారావు కారులో జరిగింది.

ఎల్లారావు కొల్లేటి చేపలను ఐసులో పేర్చి, లారీలకెత్తి కలకత్తా పంపే వర్తకుడు. దారి చెప్పే యంత్రం ఉన్న అంత పెద్ద కారు ఎందుకు కొన్నావంటే నడుం నొప్పి అని చెప్పేవాడు. అది అబద్ధం. ఆయనకు చేపల, ఐసు వర్తకుల సంయుక్త సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు కావాలని ఉంది. ఆ కోరిక ఎంత ముదిరిందంటే, ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా పీటను గోడవైపు కాకుండా, ఎదురుగా జనం కూర్చోవడానికి వీలుగా వేయించుకునేవాడు.

ఇక్కడ సంఘం ఎన్నికల విధానం గురించి కొంత చెప్పాలి. పూర్వం ఓట్లు వేసేవారు. ఓట్లు వేస్తే గొడవలు వస్తున్నాయని, గొడవలు వస్తే చేపలు పాడవుతున్నాయని, నియమావళి సవరించారు. సవరణ ప్రకారం పాత అధ్యక్షులవారు హనుమాన్ జంక్షన్ ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర అభ్యర్థి కారెక్కుతారు. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సమావేశపు హాలు దాకా దిగకుండా కూర్చుంటే అభ్యర్థి యోగ్యుడు. అక్కడ హాల్లో ఆయన నోటితో చెప్పిన పేరే కొత్త అధ్యక్షుడి పేరు. మధ్యలో దిగిపోతే అభ్యర్థి ఇంటికి. (ఇందులో ప్రజాస్వామ్యం ఎక్కడుందని ఎవరో అడిగారు. కారు తలుపు లోపలినుంచి కూడా తెరుచుకుంటుందని కార్యదర్శి బసవయ్య వివరణ ఇచ్చారు.)

పాత అధ్యక్షులు వెంకటప్పయ్యగారు పదిహేనేళ్ళుగా పాత అధ్యక్షులుగానే ఉన్నారు. కారణం, ఇంతవరకు ఎవరి కారులోనూ ఆయన బెంజ్ సర్కిల్ దాకా రాలేదు. ఆయన గొంతు చాలా చిన్నది. ఆయన నోరు తెరవబోతున్నారని అనుమానం వస్తే చాలు, ఫ్యాక్టరీలో ఐసు మిషను ఆపేసేవారు. ఆయన మాట్లాడుతుండగా ఇంకో శబ్దం వినబడకూడదు. కిందటిసారి ఒక అభ్యర్థి సెల్‌ఫోను మోగింది. వెంకటప్పయ్యగారు గన్నవరంలో దిగి, బస్సెక్కి వెళ్ళిపోయారు.

కాబట్టి ఎల్లారావుకు కావలసింది ఒక్కటే, నిశ్శబ్దంగా నడిచే కారు. ఇంజను నిశ్శబ్దం. ఏసీ నిశ్శబ్దం. దారి చెప్పే ఆవిడ మాత్రం కాదు.

షోరూములో తాళాలు అందించిన రోజున పక్కనే సన్నాయి మేళం మోగుతూ ఉండటంతో, ఆవిడ గొంతు వినబడాలని ఎవరో పూర్తిగా పెంచేశారు. మేళం వెళ్ళిపోయింది, పెంపు మిగిలిపోయింది. ఎల్లారావు కారు గేటు దాటగానే ఆవిడ, "కుడికి తిరగండి," అంది. పక్కన వెళుతున్న రెండు ఆటోలు కూడా కుడికి తిరిగాయి. (ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషు. పాఠకుల సౌకర్యార్థం తెలుగులో ఇస్తున్నాము. చివర 'అండీ' లేకపోవడం మూలంలోనే ఉన్న లోపం.)

మర్నాడు ఎల్లారావు కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళాడు. అక్కడ ఫిర్యాదులు శాఖలవారీగా తీసుకుంటారు. బ్రేకులకు ఒక కిటికీ, టైర్లకు ఒక కిటికీ, 'ధ్వని, ప్రతిధ్వని మరియు ఇతర రొదలు' అనే చివరి కిటికీలో మణికుమార్ అనే టై కట్టుకున్న కుర్రాడు. అతను కారును రేకుల షెడ్డులోకి తోలించి, చెవి పెట్టి, చాలాసేపు విన్నాడు.

"ఎక్కడండీ సార్, అసలు మాట్లాడట్లేదు కదండీ? కంప్లైంటు క్లోజ్ చేసేయమంటారా?"

"షెడ్డులో ఏం మాట్లాడుతుంది బాబూ? ఆవిడకి ఆకాశం కనపడాలంట. బండి కదలాలంట."

"ఓహో, కదిలినప్పుడేనా అండీ," అని మణికుమార్ పుస్తకం తిరగేసి, అసలు సంగతి బయటపెట్టాడు. బండిలో గొంతు తగ్గించే గుండ్రటి మీట ఒకటే. ఆవిడ మౌనంగా ఉన్నంతసేపూ అది రేడియోది. ఆవిడ నోరు తెరిచిన క్షణం నుంచి మూసే క్షణం దాకా మాత్రమే ఆవిడది. "కాబట్టి ఆవిడ మాట్లాడుతుండగానే తిప్పేయాలండీ. అయ్యాక తిప్పితే రేడియో తగ్గుద్దండీ."

"మాట్లాడుతుండగానా?"

"అవునండీ. కాకపోతే బండి నడుస్తుండగా మీట ముట్టుకోవద్దని ఎనిమిదో పేజీలో రాశారండీ. ఆగినప్పుడు ఆవిడ మాట్లాడదండీ. ఈ రెండు రూల్సూ పాటిస్తూ తగ్గించుకోవచ్చండీ."

"పోనీ, మొత్తానికి ఆపేస్తే?"

"ఆపే అధికారం మాకు లేదండీ. మద్రాసులో ప్రాంతీయ కంఠ నియంత్రణాధికారిగారు ఉంటారండీ. వారు సెలవులో ఉన్నారండీ."

అయితే ఎల్లారావుకు అడ్డొచ్చింది ఎనిమిదో పేజీ కాదు. ఆయనను పెంచిన తల్లి. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా అడ్డు తగలకూడదని, అందులోనూ ఆడమనిషి అయితే మాట పూర్తయ్యేదాకా తల వంచుకుని నిలబడాలని ఆ తల్లి ఆయన చిన్నప్పుడే చెప్పింది. చెప్పేటప్పుడు చేతిలో ఎండు తాటిమట్ట ఉండటంతో ఆ పాఠం బాగా నాటుకుంది. మన జిల్లాల్లో దొంగను పట్టుకున్నా ముందు 'ఏమండీ' అని పిలిచి ఆ తర్వాతే కొడతారు. అలాంటిచోట పుట్టినవాడు, దారి చెబుతున్న ఒక ఆడకూతురి నోరు మధ్యలో ఎలా నొక్కుతాడు?

అయినా పదవి కోసం సాధన మొదలుపెట్టాడు. భార్య దానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, కావాలని నూజివీడు రోడ్డులోకి తప్పు మలుపు తిప్పేవాడు. యంత్రంలోని ఆవిడ వెంటనే, "వెనక్కి తిరగండి," అనేది. ఎల్లారావు చెయ్యి మీట దాకా వెళ్ళి, గాలిలో ఆగి, గౌరవంగా వేచి ఉండేది. ఆవిడ ముగించేది. అప్పుడు తిప్పేవాడు. రేడియో తగ్గేది. వారం తిరిగేసరికి రేడియోలో వార్తలు చదివేవారు చెవిలో రహస్యం చెబుతున్నట్టు వినబడసాగారు, ఆ తర్వాత అదీ లేదు.

"ఇప్పుడు తిప్పండి! ఇప్పుడు!" అని దానమ్మ అరిచేది.

"మాట్లాడుతోంది కదే."

"నేను మాట్లాడుతుంటే ఏనాడైనా పూర్తి కానిచ్చారా మీరు? నా పెళ్ళయిన కాడి నుంచీ ఒక్క మాట చివరిదాకా అన్నదాన్ని కాదు!"

"నువ్వు ఇంటిమనిషివి. ఆవిడ పరాయి ఆడమనిషి. పైగా మన బండెక్కింది."

దానమ్మ దిగి, షేర్ ఆటోలో ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి ఎల్లారావుకు నిజంగా భయం పట్టుకుంది. సొంత భార్యే సగం దారిలో దిగిపోతే వెంకటప్పయ్యగారు ఎంతవరకు కూర్చుంటారు?

ఎన్నిక రోజు రానే వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర వెంకటప్పయ్యగారు ఇస్త్రీ పంచెతో వెనక సీట్లో కూర్చున్నారు. పక్కన పరిశీలకుడి హోదాలో బసవయ్య. ఎల్లారావుకు ఒక ఆశ ఉంది. హైవే ఎక్కితే బెజవాడ దాకా తిన్నటి రోడ్డు, మలుపుల్లేవు కాబట్టి ఆవిడకు చెప్పడానికేమీ ఉండదు. గేటు దగ్గర ఒక్కసారి "ఎడమకు తిరగండి" అని ఆవిడ అంటే వెంకటప్పయ్యగారు కనుబొమ్మలు ఎత్తారు. అంతే. తర్వాత నిశ్శబ్దం. ఎల్లారావు ప్రాణం కుదుటపడింది. ఇంకో అరగంటలో తన మెడలో దండ పడుతుందని నమ్మాడు, ఆ నమ్మకంతో కాస్త నిటారుగా కూడా కూర్చున్నాడు.

గన్నవరం దాటాక రోడ్డు వెడల్పు పని. ఎర్రజెండా పట్టుకున్న మనిషి కారును పక్కన పొలాల గట్టు మీదికి మళ్ళించాడు. ఆవిడకు ఆ సంగతి తెలియదు.

"వెనక్కి తిరగండి," అందావిడ. అద్దాలు అదిరాయి. గట్టు మీద మేస్తున్న గేదె వెనక్కి తిరిగింది.

వెంకటప్పయ్యగారు ఏదో అనబోయారు. "వీలైనంత త్వరగా వెనక్కి తిరగండి," అంది ఆవిడ. ఆయన ఆగారు. మళ్ళీ నోరు తెరిచారు. "దారి మళ్ళీ లెక్కిస్తున్నాను," అంది. పదిహేనేళ్ళలో మొదటిసారి వెంకటప్పయ్యగారి మాటకు ఇంకో గొంతు అడ్డొచ్చింది. బసవయ్య కళ్ళు మూసుకున్నారు. తల్లి, తాటిమట్ట, దండ, అన్నీ ఒకేసారి ఎల్లారావు కళ్ళముందు మెదిలాయి. చివరికి దండే గెలిచింది. ఆవిడ ఇంకా మాట్లాడుతుండగానే తెగించి మీట మీద చెయ్యి వేశాడు.

వెనకనుంచి ఒక ముసలి చెయ్యి వచ్చి ఆయన భుజం పట్టుకుంది.

"తప్పు కదయ్యా," అన్నారు వెంకటప్పయ్యగారు నెమ్మదిగా. "ఆడమనిషి మాట్లాడుతోంది. పూర్తి కానియ్."

పూర్తి కానిచ్చారు. గట్టు పొడుగునా కానిస్తూనే ఉన్నారు. వెంకటప్పయ్యగారు ముందుకు వంగి, రెండు చేతులూ ముందు సీటు మీద ఆనించి, చిన్నపిల్లాడిలా విన్నారు. నిడమానూరు వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. రామవరప్పాడు దగ్గర ఆవిడ "ఎడమవైపుగా సాగండి" అంటే ఆయన కూడా కూర్చున్నచోటే ఎడమవైపు ఒరిగారు. కారు బెంజ్ సర్కిల్ చేరింది. ఆయన దిగలేదు!

ఎల్లారావుకు ఎగిరి గంతేయాలనిపించింది. సీటు బెల్టు అడ్డొచ్చింది.

హాల్లో వెంకటప్పయ్యగారు లేచి నిలబడ్డారు. ఫ్యాన్లు ఆపారు.

"పదిహేనేళ్ళబట్టి మీకు దారి చెప్పాలని చూస్తన్నాను. నా వల్ల కాలేదు. ఈవేళ ఒకావిణ్ణి చూశాను. గొంతు గట్టిది. ఎవరు అడ్డొచ్చినా ఆగదు. మనం తప్పుదోవన పోతే తిట్టదు, మళ్ళీ లెక్కేసి చెబుతుంది. ఇంతకన్నా అధ్యక్షులు మనకెక్కడ దొరుకుతారండీ? ఆవిడే."

హర్షధ్వానాలు మోగాయి. బసవయ్య నియమావళి పరిశీలించి, అధ్యక్షస్థానానికి శరీరం ఉండాలని ఎక్కడా లేదని ధ్రువీకరించారు. బండి ఎల్లారావుది కాబట్టి ఆయనను ఉపాధ్యక్షుణ్ణి చేశారు. ఉపాధ్యక్షుడి విధులు రెండు. ఒకటి, అధ్యక్షురాలిని తిప్పడం. రెండు, ఏ కారణం చేతనైనా అధ్యక్షస్థానానికి మాట పడిపోతే ఆ క్షణం నుంచి అధ్యక్షుడు కావడం.

ఆవిడ కదిలితేనే మాట్లాడుతుంది కాబట్టి కార్యవర్గ సమావేశాలు కారులోనే జరిపేవారు. వెనక సీట్లో నలుగురు ఇరుక్కుని, రొయ్యల ధర ప్రస్తావించేవారు. "ముందుకు సాగండి" అంటే తీర్మానం నెగ్గినట్టు. "వెనక్కి తిరగండి" అంటే వీగినట్టు. పెట్రోలు ఉపాధ్యక్షుడిది.

ఎల్లారావు కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఆయన కారులో, ఆయన పెట్రోలుతో, ఆయన కుర్చీలో ఇంకొకరు! కడుపు మండిపోయింది. ఒక సాయంత్రం కారులో ఒంటరిగా కొండపల్లి రోడ్డు మీద పోతుండగా ఆవిడ, "వెనక్కి..." అంది. ఎల్లారావు పళ్ళు బిగించి, మనసులో తల్లికి దండం పెట్టుకుని, మీట పట్టుకుని తిప్పాడు. "...తిర..." అని ఆవిడ సన్నబడి, మాయమైపోయింది. ఇంత తేలికా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది. అధ్యక్షస్థానానికి మాట పడిపోయింది! కారు రోడ్డు పక్కన ఆపి, దిగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెడలో దండ ఉన్నట్టు రెండు చేతులూ జోడించి కొండకు నమస్కారం చేశాడు. కారు ఎక్కి ఇంటికి వెళ్ళి దానమ్మకు కూడా చెప్పేశాడు. "రేపటి నుంచి నేనే."

మర్నాడు కార్యవర్గం కారెక్కింది. బెంజ్ సర్కిల్ చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ఐసు ధర పెంపు ప్రతిపాదించారు. మౌనం. అంగీకారంగా రాసుకున్నారు. మరో చుట్టు. లారీ కిరాయి. మౌనం. అంగీకారం. ఎవరూ ఏమీ అడగలేదు. వారం తిరిగేసరికి అధ్యక్షురాలి పాలన ఈమధ్య చాలా ప్రశాంతంగా సాగుతోందని అభినందన తీర్మానం చేశారు. నెలాఖరున పదవీకాలం పొడిగించారు.

ఇక ఎల్లారావు ఆగలేకపోయాడు. స్టీరింగు పట్టుకునే వెనక్కి తిరిగి, "అయ్యా, ఆవిడ మాట పడిపోయి నెలైందండీ! మీరెవరూ చూడలేదా? నియమావళి ప్రకారం ఇప్పుడు అధ్యక్షుణ్ణి నేనండీ!" అన్నాడు.

కారులో అందరూ ఆయన వంక నొచ్చుకున్నట్టు చూశారు. వెంకటప్పయ్యగారు వేలు పెదవుల మీద పెట్టుకుని, ముందుకు వంగి, చాలా నెమ్మదిగా అన్నారు.

"ఊరుకోవయ్యా. ఆవిడ మాట్లాడుతోందేమో."

ఎల్లారావు నోరు మూసుకుని, సర్కిల్ చుట్టూ ఇంకో చుట్టు తిప్పాడు.