గట్టి అయస్కాంతమున్న ఇల్లే ఇల్లు!

“రేపు మిర్యాలగూడల ఆ స్కానింగ్ మిషన్ నన్ను గుంజుకొని మళ్ల ఇడువకపోతే ఎట్ల? నా ఎంట ఎవరొస్తరు?”

నిన్న వంటింట్లోంచి గట్టిగానే అడిగాను. నా నడుము నొప్పికి డాక్టరు రాసిన స్కానింగ్ అది. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందట!

ఎవరూ పలకలేదు. మా ఆయన శ్రీహరి చెవుల్లో ఇయర్‌బడ్స్. మా అమ్మాయి సుకన్య చెవుల్లోనూ అవే.

బాధపడ్డాననుకుంటున్నారా? లేదండీ! గట్టి అయస్కాంతాన్ని మించిన వరం సంసారానికి ఇంకొకటి లేదు. ఆ ఇయర్‌బడ్స్‌లో ఉండేదీ అయస్కాంతమేనట. పెసరగింజంతది చెవిలో కూర్చుని ఇంట్లో ఉన్న మనిషిని మాయం చేస్తుందంటే మాటలా?

సుకన్య కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో ఇంకా గట్టి అయస్కాంతాల కోసమే పరిశోధన చేస్తోంది. ఓసారి తింటూ చెప్పింది.

“లోపలంత సన్న గింజలుంటయమ్మా. గింజకు గింజకు నడుమ వేరే లోహం పల్చగ గోడ లెక్క ఉండాలె. ఒక గింజ దిక్కు తిరగబడ్డా పక్కదానికి సోకదు. గందుకే బలం.”

ఎంత గొప్ప సంగతి! మంచి బియ్యం వండితే మెతుకు మెతుకుకు అంటదు చూడండి, అట్లాగన్నమాట. మేమూ అంతే. ముగ్గురం మూడు గింజలం, నడుమ గోడలు. ఇంత బలమైన కుటుంబం సూర్యాపేట మొత్తంలో ఉందా?

“కుక్కర్ పేలింది” అని అరిస్తే మా ఆయన బొటనవేలు ఎత్తి చూపించారు. ఇక కొట్లాటకు తావేది? నేను బజారుకు పోయిన పూట మా తమ్ముడు పరశురాములు పెద్దవూర నుంచి వచ్చి, లోపల ఇద్దరున్నా తలుపు కొట్టి కొట్టి, చెప్పుల పక్కన కునుకు తీసి వెళ్లిపోయాడు. ఎంత చాయపత్తా మిగిలింది!

ఒక్కటే నా భయం. ఈ పిల్ల పరిశోధన ఫలిస్తే కుడి చెవిలోదీ ఎడమ చెవిలోదీ ఒకదాన్నొకటి గుంజుకోవా? నడుమ బుర్ర ఏం కావాలి?

స్కానింగ్‌కు నా జాగ్రత్తలో నేనున్నాను. పుస్తెలతాడుకున్న పిన్నీసులన్నీ తీసేశాను. ఐరన్ మాత్రలు మానేశాను. కానీ మింగినవి? లోపలికి పోగానే అవి నాతో సహా పైకి లేస్తే?

అందుకే నిన్ననే, వంట మధ్యలో లేచి సుకన్య దగ్గరికే పోయి కూర్చున్నాను.

“బిడ్డా, నాతోని వస్తవా?”

తలెత్తలేదు. మళ్లీ వంటింట్లోకి పోయాను. పప్పు ఉడికింది. తాలింపు పడింది. మా ఆయన తిని లేచారు. ఏ గింజ ఆ గింజే, ఎంత గట్టిగా ఉన్నామో! మురిసిపోయాను.

అప్పుడు సుకన్య చెవుల్లోవి తీసి చూపిస్తూ నోరు తెరిచింది.

“ఇవి పొద్దుగాలనే బందైనయమ్మా. నువ్వన్నదంత ఇన్న. ఆ స్కానింగుల ఏం కనవడ్తదోనని నీకంటె నాకే భయమైతుంది, గందుకే పలుకలే... వస్త తియ్యి.”