ఆరడానికి అనుమతి లేని బల్బులు

ఒక బల్బు వెలగడానికి కరెంటు చాలు. వెయ్యి బల్బులు ఒక వరసలో వెలిగి ఆరాలంటే మాత్రం కమిటీ కావాలి. నిప్పు కనిపెట్టిన తర్వాత మానవజాతి వేయబోయే రెండో ముందడుగు ఇదేనని, సూరత్ లింబాయత్‌లో నాలుగు తెలుగు గల్లీల బతుకమ్మ దీపాలంకరణ కమిటీ 1996లో తీర్మానించింది. (అడుగు ఏ గల్లీ నుంచి వేయాలన్న విషయంలో మాటామాటా పెరిగినందున ఆ అంశం వాయిదా పడింది.)

అడుగు ఎవరు వేయాలన్నది మాత్రం వెంటనే తేలింది. గంగారాం. సిరిసిల్ల నుంచి వచ్చి పధ్నాలుగేళ్లుగా పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాల మాస్టర్. మగ్గం మీద డిజైన్ ఎక్కించేది ఆయనే, అది మొరాయిస్తే బుజ్జగించేదీ ఆయనే.

అయితే ఆయన డిజైన్‌ను ఇంట్లో ఎవరూ చూడలేదు. షెడ్డులో పుట్టిన గుడ్డ రంగైనా లేకుండా మిల్లుకు పోతుంది. రంగు పడి, మడత పడి, మార్కెట్టుకు చేరాక దాన్ని ఎవరు నేశారో గుడ్డకే గుర్తుండదు. "పధ్నాలుగేండ్ల సంది నేస్తున్నవు. ఒక్కటన్న నా కండ్లకు సూపెట్టినవా?" అని భార్య రాజమ్మ అన్నం వడ్డించినప్పుడల్లా అడిగేది. ఈసారి గంగారాం ముద్ద మింగి, "సద్దుల బతుకమ్మ నాడు నా మామిడి పిందె డిజైను బల్బులల్ల నీ నెత్తి మీదికెళ్లి నడుస్తది, సూడు" అన్నాడు. (ఈ హామీకి కమిటీ ముందస్తు అనుమతి తీసుకోలేదు.)

యంత్రం ఆయనకు కొత్తదేమీ కాదు. మోటారుతో తిరిగే కొయ్య రోలరు, దానిమీద రాగి రేకు ముక్కలు. రేకు తగిలిన తీగకు కరెంటు అందుతుంది, ఆ వరస బల్బులు వెలుగుతాయి. మగ్గం మీద పోగుల్ని ఎత్తే డాబీలోనూ ఇంతే. మేకు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. నాలుగు గల్లీలకు నాలుగు రోలర్లు చేసి, నాలుగింటినీ పాత మగ్గం షాఫ్టు మీద బిగించాడు. మొదటి గల్లీ మొగదల పుట్టిన పిందె నాలుగో గల్లీ చివరిదాకా ఆగకుండా నడిచిపోవాలి.

పండుగకు ముందురోజు సాయంత్రం స్విచ్ వేశారు. పిందె నడిచింది, కానీ నల్లగా నడిచింది. చుట్టూ అంతా వెలుగు, పిందె ఒక్కటే చీకటి. మగ్గం మీద గుడ్డ బోర్లా నేయడం అలవాటైన చెయ్యి రేకుల్ని కూడా బోర్లా లెక్కకే, పిందె ఉన్నచోట వదిలేసి మిగతా అంతటా, కొట్టేసింది. గంగారాం నెత్తి గోక్కున్నాడు. "రేపటికల్ల రేకులు మార్చి సీదా చేస్త" అన్నాడు.

అధ్యక్షుడు రాజనర్సు చెయ్యెత్తి ఆపాడు. "జర ఆగు. సీదా చేస్తే ఎన్ని బల్బులు వెలుగుతయి?"

"పిందెంత."

"ఇప్పుడు?"

"పిందె తప్ప అన్ని."

"మరి గిదే మంచిగున్నది గద" అన్నాడు రాజనర్సు. తప్పు ఒప్పుకన్నా ఎక్కువ వెలుగిస్తున్నందున తప్పును ఖాయం చేస్తూ తీర్మానం జరిగింది. పోనీలే, నల్లదైనా పిందె పిందేనని గంగారాం సర్దుకున్నాడు.

మొదటి రోజే రెండో గల్లీ వెంకటవ్వ వచ్చింది. "పండుగ పూట నా ఇంటి ముందల చీకటేంది బిడ్డా? పక్కింట్ల బుగ్గలు మంచిగ వెలగవట్టె."

"పిందె నీ ఇంటి ముందలికెళ్లి పోతున్నదవ్వా. రెండు నిమిషాలైతే పక్కింటికి పోతది" అన్నాడు గంగారాం.

"పోయేదాంక నేను చీకట్ల కూసోవాల్నా?"

ఫిర్యాదు కమిటీ సాంకేతిక సలహాదారు దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కాకినాడ వైపు మనిషి, హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. సాయంత్రాలు తీరిక ఉండటమనే అర్హత మీద నియమితులయ్యారు. "చూడండి గంగారాం గారూ, ఏదైనా కాగితం మీద ఉంటేనే కదా పరిష్కారం" అని ఆయన అప్పటికప్పుడు ఒక పత్రం రూపొందించారు. పేరు 'ఆరిన బల్బు వివరణ పత్రం'. బల్బు సంఖ్య, ఎవరి ఇంటి ముందు, ఎంతసేపు, కారణం. ఒక్కో బల్బుకు ఒక్కో పత్రం. (బల్బు మళ్లీ వెలిగినా పత్రం చెల్లుతుంది.)

గంగారాం అబద్ధం రాసే మనిషి కాదు. బల్బు పాడు కాలేదు, తీగ తెగలేదు, కరెంటు పోలేదు. అందుకని మూడు సాయంత్రాలు కూర్చుని, ఆరువందల పన్నెండు పత్రాల్లోనూ కారణం అన్నచోట 'డిజైన్' అని రాశాడు.

దక్షిణామూర్తి గారు పత్రాలన్నీ శ్రద్ధగా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆశ్చర్యంగా ఉందండీ. ఇన్ని లోపాలకూ మూలం ఒక్కటే. ఆ డిజైన్ ఏదో తీసేస్తే సరిపోతుంది."

"అది తీసేస్తే ఇంకేముంటది సార్?"

"లోపం ఉండదు."

ఐదో రోజున నాలుగు రోలర్లకూ సందు లేకుండా రాగి రేకు చుట్టారు. చుట్టింది గంగారామే. ఆ పని ఇంకెవరికీ రాదు. బల్బులన్నీ ఒకేసారి వెలిగాయి, ఒక్కటీ ఆరలేదు. గల్లీల్లో ఎవరికీ ఎవరి మీదా అసూయ లేకుండా పోయింది. మోటారు ఆపుదామా అని గంగారాం అడిగితే, రోలర్లు తిరగకపోతే దాన్ని దీపాలంకరణ అనరు, దీపాలు అంటారని సలహాదారు వివరించారు. అవి తిరుగుతున్నాయో లేదో చూడటానికి మాస్టర్ రోజూ పక్కనే కూర్చోవాలని నియమం చేశారు.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, బయట ఆడవాళ్ల పాటలు, చప్పట్లు వినిపిస్తుంటే గంగారాం షెడ్డులో రోలర్ల ముందు కూర్చున్నాడు. రాజమ్మ గడప దగ్గరికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, తల నిండా పూలు.

"నాలుగు గల్లీలు తిరిగొచ్చిన. మెడ నొప్పి పుట్టింది. నీ పిందె ఏడున్నది?"

గంగారాం రోలర్ల పెట్టె మూత తీసి చూపించాడు. రాగి రేకు ధగధగా తిరుగుతోంది. రాజమ్మ వంగి చాలాసేపు చూసింది.

"ఇందులనా?"

"దీని కిందున్నది."

ఆమె నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. "మంచిగనే ఉన్నది" అని మూత తనే మెల్లగా వేసి, ఆటలోకి వెళ్లిపోయింది. గంగారాంకు ఏడుపు వచ్చింది. డ్యూటీలో ఉన్న మాస్టర్ ఏడవవచ్చో లేదో నియమావళిలో రాసి లేదు కనుక ఆపుకున్నాడు.

మర్నాడు సమీక్షా సమావేశంలో గంగారాంకు శాలువా కప్పి, వచ్చే ఏడు కూడా కొత్త డిజైన్ ఆయన చేతే వేయించాలని, దాన్ని తీసేయడానికి ఇప్పటినుంచే ఒక ఉపసంఘం వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.